రంపానికి ముందు దరఖాస్తు

ఇంగ్లండ్‌లో సొంతిల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఏడాది తిరక్కముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది: పెరట్లో ఉన్న ఆ పెద్ద చెట్టును ఏం చేయాలి? ఆకు రాలే కాలంలో గటర్లు పూడుకుపోతాయి. వంటింట్లోకి వెలుతురు రాదు. వెనకవైపు ఇంకో గది వేసుకుందామంటే వేళ్లు అడ్డం. వేసవికి ఊరి నుంచి వచ్చిన నాన్నగారికి గాలివాన రాత్రి నిద్ర పట్టదు. "ఎందుకొచ్చిన గొడవరా, తీయించెయ్" అంటారు. చెట్లు కొట్టేవాళ్ల ఫోన్ నంబర్లు కావలసినన్ని దొరుకుతాయి. శనివారం పొద్దున వస్తే మధ్యాహ్నానికల్లా మొద్దు మిగులుతుంది.

ఆ ఒక్క పూట పని మిమ్మల్ని కోర్టు మెట్లు ఎక్కించగలదు. ఆ చెట్టు మీద స్థానిక కౌన్సిల్ రక్షణ ఉత్తర్వు ఉండి ఉండవచ్చు. "నాకు తెలియదు" అని చెబితే బయటపడతామన్న భరోసా లేదు.

ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఒక్క మాటలో పెట్టవచ్చు: ముందు అడగండి. మీ చెట్టు కొట్టించాలన్నా ముందు అడగండి. మీ వీధి చెట్టును ఎవరూ కొట్టకూడదన్నా ముందే అడగండి. చెట్టుకు చట్టం ఇచ్చే రక్షణంతా ఆ ముందడుగులోనే ఉంది. కొట్టేశాక జరిమానా వేయగలరు, కొత్త మొక్క నాటించగలరు. వందేళ్ల చెట్టును తెచ్చి నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడ చెప్పేవి ఇంగ్లండ్ నిబంధనలు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వాటి నిబంధనలు వాటికున్నాయి. అక్కడ ఉంటున్నవాళ్లు తమ కౌన్సిల్‌ను అడిగి తెలుసుకోవాలి.

చెట్టు మీదే, నిర్ణయం మీ ఒక్కరిదే కాదు

1990 నాటి పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం స్థానిక ప్రణాళికా సంస్థలకు, అంటే సాధారణంగా మీ కౌన్సిల్‌కు, ఒక అధికారం ఇచ్చింది. ఒక చెట్టు గానీ, చెట్ల గుంపు గానీ, చిన్న వనం గానీ పోతే చుట్టుపక్కల జనానికి లోటు అనిపించినప్పుడు కౌన్సిల్ దాన్ని కాపాడుతూ ఉత్తర్వు ఇవ్వవచ్చు. అదే ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్. అందరూ టీపీఓ అంటారు. దాన్ని అమలు చేసే వివరాలు ఇంగ్లండ్‌కు సంబంధించి 2012లో వచ్చిన నిబంధనల్లో ఉన్నాయి.

ఉత్తర్వు పడిన చెట్టును కౌన్సిల్ రాతపూర్వక అనుమతి లేకుండా నరకకూడదు. తల కొట్టకూడదు, కొమ్మలు తీయకూడదు, పెకలించకూడదు, కావాలని దెబ్బ తీయకూడదు. వేళ్లు కోయడం కూడా నేరమే. కొత్త డ్రైవ్‌వే కోసమో గోడ పునాది కోసమో తవ్వేటప్పుడు చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. మాను జోలికి పోలేదు కాబట్టి ఫర్వాలేదనుకుంటారు, చెట్టు ప్రాణం పట్టుకున్న వేళ్లను మాత్రం తెంచేస్తారు.

ఉత్తర్వు పడినంత మాత్రాన చెట్టు కౌన్సిల్ సొత్తు అయిపోదు. యజమాని మీరే. బాగోగులు చూడాల్సిందీ మీరే. కొమ్మ విరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే జవాబు చెప్పాల్సిందీ మీరే. ఉత్తర్వు మీ నుంచి కోరేది ఒకటే: రంపం పెట్టే ముందు ఒక మాట అడగమని. దాన్ని శిక్షగా తీసుకోకండి. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు, మీ తర్వాత ఉండబోయేవాళ్లు, రోజూ ఆ దారిన బడికి నడిచే పిల్లలు, వీళ్లందరి తరఫున కౌన్సిల్ మీతో మాట్లాడుతోందనుకోండి.

మీ చెట్టుకు రక్షణ ఉందో లేదో తెలుసుకోండి

దీనికి లాయరు అక్కర్లేదు. ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు.

మొదట ఇల్లు కొన్నప్పటి కాగితాలు తీయండి. టీపీఓ స్థానిక భూభారాల రిజిస్టరులో నమోదవుతుంది. మీ సాలిసిటర్ చేయించిన లోకల్ సెర్చ్ ఫలితాల్లో అది కనబడాలి. ఇల్లు కొనేటప్పుడు ఆ కాగితాల కట్టను ఓపిగ్గా చదివేవాళ్లు తక్కువ. ఇప్పుడు చదవండి. మీరు కొన్న తర్వాత కూడా కొత్త ఉత్తర్వు వచ్చి ఉండవచ్చు కాబట్టి అక్కడితో ఆగకండి.

తర్వాత కౌన్సిల్ వెబ్‌సైటు చూడండి. చాలా కౌన్సిళ్లు రక్షిత చెట్లను మ్యాపు మీద చూపిస్తాయి. మ్యాపు లేకపోతే ట్రీ ఆఫీసరుకు ఈమెయిల్ పంపండి. చిరునామా, పోస్ట్‌కోడ్, చెట్టు ఎక్కడుందో చూపే చిన్న గీత బొమ్మ, రెండు ఫొటోలు చాలు. "ఈ చెట్టుకు టీపీఓ ఉందా? మా ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో ఉందా?" అని రెండు ప్రశ్నలూ ఒకే ఉత్తరంలో అడగండి. పాత కట్టడాల, వీధుల తీరును కాపాడేందుకు గుర్తించిన ప్రాంతమే కన్జర్వేషన్ ఏరియా. ఫోన్లో అడిగినా సరే, జవాబు మాత్రం రాతలో తీసుకుని దాచుకోండి.

ఉత్తర్వు కాపీ చేతికి వస్తే దాన్ని చదవడం కష్టమేమీ కాదు. ఒక పట్టిక, దానికి జతగా ఒక మ్యాపు ఉంటాయి. విడి చెట్టు చుట్టూ నల్లటి వలయం, పక్కన టీ1, టీ2 అని అంకె. గుంపులకు జీ, ఒక ప్రాంతంలోని చెట్లన్నింటికీ ఏ, వనానికి డబ్ల్యూ. గుంపును తెగిన గీతతో, ప్రాంతాన్ని చుక్కల గీతతో, వనాన్ని తెగని గీతతో చుట్టి చూపిస్తారు. ఈ తేడా చిన్నది కాదు. 'ప్రాంతం' అని రాస్తే ఉత్తర్వు ఇచ్చిన నాటికి అక్కడున్న చెట్లకే రక్షణ. 'వనం' అని రాస్తే ఆ తర్వాత మొలిచిన మొక్కకు కూడా రక్షణ ఉంటుంది. మీ పెరటి చివర అలాంటి వనం హద్దు దాటి వస్తుంటే, నిన్న మొన్న మొలిచిన ఓక్ పిల్లను పీకే ముందు కూడా అడగాల్సిందే.

ఉత్తర్వు జారీ అయిన రోజు నుంచే తాత్కాలికంగా అమల్లోకి రావచ్చు. ఆరు నెలల్లోగా కౌన్సిల్ దాన్ని ఖరారు చేయాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి యజమానికి కనీసం 28 రోజులు ఇస్తారు. మీకు అలాంటి నోటీసు వస్తే కోపంతో పక్కన పడేయకండి. అభ్యంతరం ఉంటే గడువులోగా, కారణాలతో రాయండి. లేకపోతే ఉత్తర్వును ఇంటి కాగితాలతో కలిపి భద్రపరచండి.

టేపు తెచ్చి కొలవండి

టీపీఓ లేదని తేలగానే ఊపిరి పీల్చుకోకండి. ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో ఉంటే అక్కడి చెట్లకు వేరే పద్ధతిలో రక్షణ ఉంటుంది. పాత ఊళ్ల నడిబొడ్డున, విక్టోరియా కాలం నాటి వీధుల్లో ఇలాంటి ప్రాంతాలు ఎక్కువ. అక్కడ చెట్టు మీద పని చేయించాలంటే ఆరు వారాల ముందు కౌన్సిల్‌కు నోటీసు ఇవ్వాలి. ఆ వ్యవధిలో కౌన్సిల్ ఆ చెట్టు విలువైనదనుకుంటే టీపీఓ ఇస్తుంది. ఏమీ అనకుండా ఆరు వారాలు గడిస్తే మీరు పని చేయించుకోవచ్చు. ఆ వెసులుబాటు నోటీసు ఇచ్చిన నాటి నుంచి రెండేళ్లు ఉంటుంది.

ఏ చెట్టుకైనా నోటీసు కావాలా? అక్కర్లేదు. నేల నుంచి మీటరున్నర ఎత్తులో మాను వ్యాసం 7.5 సెంటీమీటర్లు దాటితేనే కావాలి. నిలబడి ఉన్న చెట్టు వ్యాసం కొలవడం కష్టం, చుట్టుకొలత తేలిక. కుట్టుపనికి వాడే టేపు తీసుకోండి. గోడకు మీటరున్నర దగ్గర సుద్దతో గీత గీసి, అది మీ ఒంటి మీద ఎక్కడికి వస్తుందో చూసుకుని, చెట్టు దగ్గర అదే ఎత్తున టేపు చుట్టండి. సుమారు 23.5 సెంటీమీటర్లు దాటిందంటే నోటీసు ఇవ్వాలి. చంటిపిల్ల నడుము కంటే సన్నని మాను అది. చిన్న చెట్టే కదా అని వదిలేసేవాళ్లు అందుకే ఇబ్బందిలో పడతారు.

దరఖాస్తు రాయడం ఎలా

టీపీఓ ఉన్న చెట్టు పని కోసం నిర్ణీత దరఖాస్తు ఫారం ఉంది. ప్లానింగ్ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో పంపవచ్చు. రుసుము లేదు. కౌన్సిల్ ఎనిమిది వారాల్లో తేల్చాలి.

దరఖాస్తులు వెనక్కి రావడానికి అస్పష్టమైన రాత ఒక పెద్ద కారణం. "చెట్టు బాగా పెరిగింది, కాస్త తగ్గించాలి" అని రాస్తే అధికారి ఏం చేయగలరు? "టీ2 ఓక్ చెట్టుకు ఇంటి వైపున్న కొమ్మలను రెండు మీటర్లు తగ్గించి, గోడకు మూడు మీటర్ల ఎడం ఉండేలా చేయాలి. మిగతా వైపులా తాకం" అని రాయండి. ఎంత తీస్తారో, తీశాక ఎంత మిగులుతుందో రెండూ చెప్పండి. ఫొటో మీద గీత గీసి చూపించండి.

కారణం ఎంత బలంగా ఉంటే ఆధారం అంత గట్టిగా ఉండాలి. చెట్టుకు తెగులు ఉందంటే చెట్ల నిపుణుడి రాత జత చేయాలి. వేళ్ల వల్ల ఇల్లు కుంగుతోందంటే ఇంజనీరు నివేదిక కావాలి. ఆకులు రాలుతున్నాయి, పక్షులు రెట్ట వేస్తున్నాయి, శాటిలైట్ డిష్‌కు అడ్డం వస్తోంది అంటే మంచి చెట్టును నరకడానికి అనుమతి వస్తుందని ఆశ పెట్టుకోకండి. వీటికి గటర్ జాలీ, చెట్టు ఆరోగ్యం చెడకుండా చేసే కొద్దిపాటి కత్తిరింపు వంటి పరిష్కారాలు ఉంటాయి. నరికించాలా, తగ్గించాలా అన్న ప్రశ్న కౌన్సిల్ కంటే ముందు మీరే వేసుకోండి. ఇంటికొచ్చిన ట్రీ సర్జన్‌ను "కొట్టడానికి ఎంత?" అని కాకుండా "దీన్ని ఉంచుకుంటూ మా ఇబ్బంది ఎలా తీరుతుంది?" అని అడగండి. ప్రశ్న మారితే వచ్చే సలహా మారుతుంది.

అనుమతి వచ్చిందంటే, వేరే గడువు చెప్పకపోతే, రెండేళ్లలోగా పని పూర్తి చేసుకోవాలి. నరకడానికి ఒప్పుకుంటూ కొత్త మొక్క నాటాలని షరతు పెట్టవచ్చు. నిరాకరిస్తే 28 రోజుల్లోగా ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

మినహాయింపులు, వాటి హద్దులు

చచ్చిపోయిన చెట్టును తీయడానికి అనుమతి అక్కర్లేదు. అయితే కనీసం ఐదు పని దినాల ముందు కౌన్సిల్‌కు రాతలో చెప్పాలి. బతికున్న చెట్టుకు ఎండిపోయిన కొమ్మలు మాత్రమే తీసేటట్టయితే ముందుగా చెప్పక్కర్లేదు. తుపాను గాలికి చెట్టు విరిగి ఇప్పుడో ఇంకాసేపటికో మీద పడేలా ఉంటే ఆగకండి. ఆ ప్రమాదం తప్పించడానికి ఎంత అవసరమో అంత మేరకు తీయించి, వీలైనంత త్వరగా కౌన్సిల్‌కు తెలియజేయండి. ఇలాంటప్పుడు పని మొదలుపెట్టే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ప్రమాదం ఉందని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత మీదే. కాయల కోసం పెంచే ఆపిల్, ప్లం చెట్లను తోటపని పద్ధతి ప్రకారం కత్తిరించుకోవడానికి అడ్డు లేదు.

పొరుగింటి చెట్టు కొమ్మ మీ పెరట్లోకి వాలితే హద్దు దాకా కత్తిరించుకునే హక్కు మామూలుగా మీకుంది. ఆ చెట్టుకు టీపీఓ ఉంటే మాత్రం ఆ హక్కు వాడుకోవడానికీ అనుమతి కావాలి.

ఏ చట్టం కిందకీ రాని చెట్టయినా సరే, కొమ్మల మధ్య చూడండి. గూడు కడుతున్నప్పుడు, వాడుకలో ఉన్నప్పుడు దాన్ని పాడుచేయడం 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. గబ్బిలాలకూ వాటి నివాసాలకూ గట్టి రక్షణ ఉంది. మార్చి నుంచి ఆగస్టు దాకా పెద్ద పనులు పెట్టుకోకపోతే మంచిది.

కాదని కొట్టేస్తే

రక్షిత చెట్టును నరికినా, చచ్చేలా చేసినా జరిమానాకు చట్టంలో గరిష్ఠ పరిమితి లేదు. ఆ పని వల్ల యజమానికి ఎంత లాభం వచ్చిందో కోర్టు లెక్కలోకి తీసుకోవాలి. దక్షిణ తీరంలోని పూల్ పట్టణంలో ఒక ఇంటి యజమాని తన ఇంటికి వెలుతురు కోసం పొరుగు స్థలంలోని రక్షిత చెట్టును కొట్టించాడు. కోర్టు 75 వేల పౌండ్ల జరిమానా వేసింది. చెట్టు పోవడంతో ఇంటి విలువ పెరిగిన మేరకు మరో 50 వేల పౌండ్లు జప్తు చేయమంది. 2013లో అప్పీలు కోర్టు దాకా వెళ్లిన కేసు ఇది. దీనికి తోడు, నరికిన చోట తగిన రకానికి, తగిన సైజుకు చెందిన చెట్టు నాటాల్సిన బాధ్యత స్థలం యజమాని మీద పడుతుంది. ఇల్లు అమ్మేస్తే ఆ బాధ్యత కొన్నవాళ్లకు పోతుంది. పని చేసిన కాంట్రాక్టరూ నేరంలో భాగస్వామి అవుతాడు. పేరున్న ట్రీ సర్జన్ పనికి ఒప్పుకునే ముందే "కౌన్సిల్‌తో సరిచూశారా?" అని అడుగుతాడు. అడగనివాణ్ణి పనిలోకి తీసుకోకండి.

అడగడంలో రెండో సగం

ఇంతవరకూ చెప్పింది చేయకూడనివాటి గురించి. మీరు చేయగలిగిన మంచి పని ఇంకా మిగిలే ఉంది.

2025 ఏప్రిల్‌లో ఉత్తర లండన్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో, వైట్‌వెబ్స్ పార్కు అంచున, కొన్ని వందల ఏళ్ల వయసున్న ఓక్ చెట్టును ఒక రెస్టారెంటు స్థలంలో నరికేశారు. దేశమంతా భగ్గుమంది. ఆ చెట్టుకు అప్పటివరకూ టీపీఓ లేదు. కౌన్సిల్ ఆ తర్వాతే అత్యవసరంగా ఉత్తర్వు ఇచ్చింది, అప్పటికి మిగిలింది మొద్దే. అంత వయసున్న చెట్టుకు రక్షణ ఉండే ఉంటుందని దాన్ని చూసినవాళ్లు అనుకుని ఉంటారు. అలాంటి నమ్మకం మీద చెట్లను వదిలేయకండి.

టీపీఓ పెట్టమని కౌన్సిల్‌ను ఎవరైనా కోరవచ్చు. మీరు ఆ స్థలం యజమాని కానక్కర్లేదు, అద్దెకు ఉంటున్నా సరే. నిర్ణయం కౌన్సిల్‌దే గనుక వాళ్లు చూసే విషయాలు తెలిసి రాయండి. చెట్టు రోడ్డు మీద నుంచో పార్కు నుంచో నలుగురికీ కనబడుతుందా? ఆరోగ్యంగా ఉందా? ఇంకా ఎన్నేళ్లు బతకగలదు? అరుదైన రకమా? ఊరి చరిత్రతో ముడిపడి ఉందా? ఇప్పుడు దానికి ముప్పు ఏమిటి? స్థలం అమ్మకానికి పెట్టారా, కట్టడానికి దరఖాస్తు వేశారా, రంపం మనుషులు కొలతలు తీసుకుంటూ కనబడ్డారా? ముప్పు నిజమని చూపగలిగితే కౌన్సిల్ అదే రోజు ఉత్తర్వు ఇవ్వగలదు. అలాంటప్పుడు ఈమెయిల్ పంపి ఊరుకోకుండా ఫోన్ కూడా చేయండి. మీ వార్డు కౌన్సిలర్‌కూ చెప్పండి.

కౌన్సిలే చెట్లు కొట్టిస్తే? షెఫీల్డ్ నగరం నేర్పిన పాఠం అదే. రోడ్ల మరమ్మతు కాంట్రాక్టు పేరుతో అక్కడ వేలాది వీధి చెట్లు పోయాయి. 2016 నవంబరు 17న రస్ట్‌లింగ్స్ రోడ్డులో తెల్లవారుజామున, జనం ఇంకా నిద్రలో ఉండగా, పోలీసులను వెంటబెట్టుకుని వచ్చి ఎనిమిది చెట్లు కొట్టారు. ఆ వీధులవాళ్లు ఏళ్ల తరబడి చెట్ల కింద నిలబడి అడ్డుకున్నారు. అరెస్టయ్యారు, కోర్టులకెక్కారు. 2018లో నరకడం ఆగింది. సర్ మార్క్ లోకాక్ జరిపిన స్వతంత్ర విచారణ నివేదిక 2023 మార్చిలో కౌన్సిల్‌ను తప్పుపట్టింది, కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. 2021 పర్యావరణ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, వీధి చెట్టు కొట్టే ముందు జనాన్ని సంప్రదించాల్సిన బాధ్యత రోడ్ల అధికారుల మీద ఉంది. అది 2023 నవంబరు 30 నుంచి అమల్లో ఉంది. మీ వీధి చెట్టుకు నోటీసు కట్టి కనబడితే పక్కకు తప్పుకుని పోకండి. చదవండి, గడువులోగా మీ అభిప్రాయం పంపండి, పక్కింటివాళ్లకూ చెప్పండి.

ఊళ్లో స్థలం ఉన్నవాళ్లకు

మీలో చాలామందికి తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో ఇల్లో పొలమో ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, వాల్టా, చెట్టు కొట్టే ముందు అనుమతి తీసుకోమనే అంటుంది. ఎన్‌ఫీల్డ్ ఓక్ కూలిన ఆ ఏప్రిల్‌లోనే హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి భూముల్లో యంత్రాలతో చెట్లు తొలగిస్తుంటే విద్యార్థులు, పౌరులు ఎదురు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపమంది. అప్పటికే సుమారు వంద ఎకరాల పచ్చదనం పోయింది. ఆదేశం రావడానికి కొన్ని రోజులు పట్టింది, యంత్రాలకు ఆ కొన్ని రోజులే చాలాయి. రెండు దేశాల్లోనూ చట్టాలు ఉన్నాయి, వాటిని సమయానికి కదిలించే మనుషులే కావాలి.

ఈ వారం చేయండి

1. మీ పెరట్లో ఉన్న ప్రతి పెద్ద చెట్టు పేరు తెలుసుకోండి. ఫొటో తీసి తేదీతో దాచండి.

2. టీపీఓ, కన్జర్వేషన్ ఏరియా గురించి కౌన్సిల్‌కు ఒక ఈమెయిల్ పంపండి. జవాబు ఇంటి కాగితాల్లో పెట్టండి.

3. అద్దె ఇల్లయితే యజమానినీ, లీజ్‌హోల్డ్ అయితే ఫ్రీహోల్డర్‌నూ అడగకుండా కొమ్మ కూడా కొట్టించకండి.

4. మీ వీధిలో అందరూ ఇష్టపడే ఒక చెట్టును ఎంచుకోండి. దానికి రక్షణ ఉందో లేదో మ్యాపులో చూడండి. లేకపోతే, ముప్పు ఉందనిపిస్తే, ట్రీ ఆఫీసరుకు కారణాలతో ఉత్తరం రాయండి.

5. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఉత్తరం రాయండి. ఊరి విషయంలో మాట చెప్పే హక్కు తమకూ ఉందని వాళ్లకు తెలిసేది అప్పుడే.

వలస వచ్చినవాళ్లం, ఇక్కడి విషయాలు మనకెందుకులే అని వెనకడుగు వేయకండి. పన్ను కడుతున్నారు, ఓటు వేస్తున్నారు, మీ పిల్లలు ఆ చెట్ల కిందే పెరుగుతున్నారు. ఈ వీధి మీదే. కౌన్సిల్ ఈమెయిల్ చిరునామా వెతికి, ఈ రోజే ఆ మొదటి ఉత్తరం పంపండి.